వాగుకు రాసిచ్చిన చేను

“అమ్మా, ఒక్కసారి నాలా అయితే మల్ల అది పంట భూమి కాదు. మంచిగ ఆలోచించుకున్నరా?”

జహీరాబాద్‌లో ఆన్‌లైన్ సెంటర్ నడిపే పృథ్వీరాజ్ కంప్యూటర్ మీంచి చూపు తిప్పి అడిగాడు. ఎదురుగా కుర్చీ అంచున కూర్చున్న బాలమణి కొంగు సర్దుకుంది.

“ఆలోచించే వచ్చిన బిడ్డా.”

“సర్కారిచ్చే రైతు భరోసా పైసలు కూడ బంద్ అయితయి.”

“అయితె కానీ.”

“ఎంత చెయ్యాలె? సగమా, మొత్తమా?”

“వాగు ఒడ్డు పొడుగున ఉన్నదంత. ఒక్క గుంట కూడ ఇడువకు.”

భర్త పోయాక ఆమెను నిలబెట్టింది ఆ చేనే. ఏటా అల్లం వేసేది అందులోనే. పిల్ల చదువు, ఇంటి ఖర్చు అన్నీ దాని మీదే నడిచాయి. అయినా వదులుకోవాలనే నిశ్చయించుకుంది.

కారణం నీళ్లు. ఎగువన హైవే పక్క ప్లాట్లలో ఇళ్లు లేచినప్పటి నుంచి అక్కడి మురుగంతా వాగులోకే దిగుతోంది. ఊరు తాగే బావి ఆ వాగు పక్కనే, బాలమణి చేనుకు దిగువన ఉంది. పోయిన వానాకాలం ఆమె కూతురు సహస్రకు కామెర్లు వచ్చి, దవాఖానలో ఇవాళో రేపో అన్నట్టు పడి ఉంది. సహస్ర బతికింది. పక్క మంచం మీది పసివాడు, వీళ్ల ఊరివాడే, బతకలేదు. ఆ తల్లి ఏడుపు బాలమణి చెవుల్లోంచి ఇప్పటికీ పోలేదు. అలాంటిది, బ్రోకర్ మదన్‌మోహన్ కన్ను ఇప్పుడు ఆమె చేను మీదే పడింది. అక్కడ కూడా ఇళ్లు లేస్తే ఆ బావి మీద ఆశ వదులుకోవాల్సిందే.

ఆ భయంతోనే ఆమె పంచాయతీ సెక్రటరీ ప్రియాంక దగ్గరికి వెళ్లింది.

“నాలా ఒడ్డున ఎవ్వరు కట్టొద్దని రూలే ఉన్నదక్కా,” అంది ప్రియాంక. “కొంత జాగ ఇడిచిపెట్టాలె. కడ్తమంటె మేము పర్మిషన్ ఇయ్యం. కాని మీ వాగు రికార్డుల లేదు, అదంత మీ పట్టా భూమి అనే ఉన్నది. నాలా అని ఎక్కితెనే మేము ఆపగలం.”

“ఎవలు ఎక్కియ్యాలె?”

“పట్టాదారు మీరే గద. మీరు దరఖాస్తు పెట్టుకుంటె అయితది.”

మనం వాగు అనేదాన్ని ఆఫీసుల్లో నాలా అంటారని బాలమణికి అప్పుడే తెలిసింది. ఆ ఒక్క మాటా మరిచిపోకుండా దారి పొడుగునా అనుకుంటూ వచ్చింది.

“ఎవరన్న బలవంతం చేస్తున్నరా అమ్మా?” పృథ్వీరాజ్ గొంతు తగ్గించి అడిగాడు. “ఆడోళ్లు ఒక్కరె వస్తె నేను అడుగుత.”

“లేదు బిడ్డా, నాకు తోచే వచ్చిన.”

“అయితె ఫికర్ లేదు. ఈ నడుమ వాగు పొడుగున అందరు ఇదే పని మీద వస్తున్నరు. మొన్న చిరాగ్‌పల్లి దిక్కోళ్లు కూడ చేయించుకొని పోయిన్రు.”

బాలమణి కుర్చీలో నిటారుగా కూర్చుంది. ఇన్నాళ్లూ తానొక్కతే పిచ్చిది అనుకుంది. అక్కడెక్కడో ముక్కూ మొహం తెలియని వాళ్లు కూడా తమ చేలు వాగుకు వదులుతున్నారని వింటే ఆమెకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఫీజు కట్టమన్నప్పుడు మాత్రం కొంచెం వింతగా అనిపించింది. వాగుకు భూమి ఇవ్వడానికి కూడా సర్కారుకు పైసలు కట్టాలా అనుకుంది కానీ, అడగలేదు.

సంగతి తెలిసి మరిది బస్వరాజ్ ఇంటికొచ్చాడు.

“చేనంత వాగుకు రాసిస్తె ఏం తింటవు వదినా?”

“తాగే నీళ్లు మంచిగుంటె తినుడు సంగతి చూసుకుంట.”

అతను మొహం తిప్పుకుని వెళ్లిపోయాడు. మదన్‌మోహన్‌నైతే ఆమె గడప కూడా తొక్కనివ్వలేదు. చివరి పంట అల్లం తవ్వించి అమ్మేసింది. తహసీల్దార్ ముందు వేలిముద్ర వేసేటప్పుడు ఇష్టపూర్వకంగానే వేస్తున్నావా అని అడిగితే, అవునని గట్టిగా చెప్పింది.

ఆ వారమే పృథ్వీరాజ్ ఫోన్ చేసి పిలిచాడు. స్టాంపు పడిన కాగితం ఆమె చేతిలో పెట్టాడు. బాలమణి దాన్ని కళ్లకద్దుకుంది.

“ఇగ దీన్ని ఎవ్వరు మార్చలేరు గద బిడ్డా?”

“ఎవ్వరు మార్చలేరమ్మా.”

“రేపు ఎవలన్న వచ్చి ఆడ ఇండ్లు కడ్తమంటె, ఈ కాయితం చూపెట్టి ఆపొచ్చు గద?”

పృథ్వీరాజ్ నవ్వాడు.

“ఆపుడెందుకమ్మా, సాగు భూమిని ప్లాట్ల జాగ కింద మార్చుడే గద నాలా అంటె. నాలా చేసేదే ఇండ్లు కట్టెటందుకు.”