తడిసిన పత్తి

మా పొందూరులో పత్తిని వాలుగ సేప దవడతో ఏకుతాం. నా కోడలు తులసి పొద్దున్నే దవడెముక పట్టుకుని కూకుంది. ఆ ఎముక పళ్లు వేలికి దిగి నెత్తురొచ్చినా సూసుకోనేదు.

"ఒసే, నొప్పెట్టట్నేదేటే?"

"నొప్పున్నాదత్తా. నాక్కాదు, ఆ సేతికి."

ఇంట్లో అంత జరిగినా దీని కంట్లో సుక్క రానేదు, రాతిగుండెదని వీధిలో ఆడోళ్లు అనుకుంటన్నారు. ఆళ్ల నోళ్లు పడిపోను.

ఇంతలో పక్కింట్లో పసిగుడ్డు ఏడుపందుకుంది. తులసి ఉలకనేదు. కాసేపటికి ఒళ్లో పత్తి కేసి సూసి, "తడిసిపోతన్నాదత్తా. పైన పెంకు పగిలినట్టున్నాది" అని తల పైకెత్తింది.

బయట ఎండ మాడ్సేస్తన్నాది.

నేను దాని జాకెట్టు కేసి సూశాను. ముందంతా తడిసిపోనాది. మూడు నెల్ల నా మనవణ్ణి మట్టిలో ఎట్టి తొమ్మిది రోజులు. ఆ సంగతి పాలకింకా తెల్దు.

"వాన కాదమ్మా. నీ పాలే."

తులసి తన గుండెల కేసి వంగి, ఎవరో పరాయి మనిషిని సూసినట్టు సూసింది.

"అయితే ఈవిడ బిడ్డని ఈవిడికి ఇచ్చీ అత్తా, పాపం" అంది.