దిద్దుబాటు

“సోమవారం మీ మనవరాలు నోరు తెరిస్తే యాడ, ఈడ, ఉండాది! అన్నీ మొద్దు మాటలు. ఈ వారంలో మాన్పించేశాను,” అంది సుష్మ మేడమ్, తలుపు దగ్గర నిలబడిన రెడ్డెమ్మ వైపు చూడకుండానే.

గుడుపల్లె దగ్గర బడి, మూడో తరగతి. పిల్లలు వారమంతా ఏం నేర్చుకున్నారో చూడమని శనివారం ఇంట్లోవాళ్లను పిలిచారు. రెడ్డెమ్మ ఒక్కతే వచ్చింది.

“మంచిదే తల్లీ. సేని పని ఇడిసిపెట్టి సూద్దామనే వచ్చినా.”

“తేజస్వినీ, లేచి చెప్పు. మీ ఇంట్లో ఆవు ఉందా?”

మనవరాలు లేచేలోపే రెడ్డెమ్మ మురిసిపోతూ, “ఉండాది మేడమ్! మొన్ననే ఈనింది. దూడ తెల్లంగా ఉండాది,” అంది.

తేజస్విని మూతి విరిచింది. “ఉండాది కాదు, ఉంది అనాలి. మొద్దు మాటలు! నీకు ఎన్నిసార్లు చెప్పినా రాదు. నోరు మూసుకో అవ్వా.”

తరగతంతా గొల్లున నవ్వింది.

సుష్మ నవ్వలేదు. ఆ విసురు తనది, ఆ మూతి విరుపు తనది, మాటలు కూడా తనవే. ఈ పిల్లలు ఐదు రోజులూ శ్రద్ధగా నేర్చుకున్నది అదే.

రెడ్డెమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “నిజమే పాపా, నాకేం తెలుసు,” అని మెట్లు దిగబోయింది.

“అవ్వా, యాడికి పోతాండావు?” కలికిరిలో తన తల్లి మాట్లాడే మాటే సుష్మ నోట వచ్చింది. “ఈడికొచ్చి నా కుర్చీలో కూసో. ఆ దూడ సంగతి పిల్లోళ్లకి సెప్పు.”

“మేడమ్, మీరు తప్పు మాట్లాడారు!” అంది తేజస్విని.

“ఇప్పుడు కాదు పాపా,” అంది సుష్మ. “ఈ వారమంతా మాట్లాడినాను.”