యాభై ఏడు కిలోలు

"ఫోను పక్కకు ఎవురూ రావద్దండప్పా! ఎంతసేపటికైనా అదే మోగుతాది" అని హనుమంతరాయుడు అరిచాడు.

హిందూపురంలో అతని చింతపండు మండీ ముందు వీధి వీధంతా నిలబడి ఉంది. ఢిల్లీలో ఆసియా కుస్తీ పోటీలు జరుగుతున్నాయి. హనుమంతరాయుడి కొడుకు ఉదయ్ యాభై ఏడు కిలోల విభాగంలో ఆడుతున్నాడు. ఈ తట్టు నుంచి అంత దూరం పోయిన పిల్లవాడు ఇంకొకడు లేడు. మొదటి కుస్తీ ఈ పాటికి అయిపోయి ఉండాలి. పెనుకొండ నుంచి డప్పులవాళ్లు వచ్చి కూర్చున్నారు. ధర్మవరం నుంచి బావమరిది పట్టు శాలువా పంపాడు.

"గెలుస్తాడంటావా సావుకారీ?" అన్నాడు గుడిబండ యల్లప్ప. చింతపండు మూటలు బండిలో వేసుకుని వచ్చిన రైతు అతను.

"అట్లడుగుతావేమప్పా! మావోడు నడుం పట్టినాడంటే అవతలోడు ఆకాశం చూడాల్సిందే."

"అయితే నా మూటలు ముందు తూచు. గెలిచినాక నువ్వు మాకు యాడ దొరుకుతావు?"

అందరూ నవ్వారు. హనుమంతరాయుడు నవ్వుతూనే మూటలు కాటా మీదికి ఎక్కించి తూచాడు. యల్లప్ప తల గోక్కున్నాడు.

"ఇంటికాడ తూచుకోనే వచ్చినా. మూటకు రెండు కిలోలు తగ్గతాండాదే!"

"ఈ ఎండకు మనుషులే ఆరిపోతాండారు. చింతపండు ఆరదా?"

మళ్లీ నవ్వులు. యల్లప్ప కూడా నవ్వేశాడు.

"ఆరిపోయింది నా కొడుకు" అంది గడపలో కూర్చున్న తిప్పమ్మ. "ఉగాది పండగపూట గూడా కడుపునిండా తిననీలేదు మీరు."

ఆమె మాట నిజమే. కుస్తీ క్యాంపు ముగించుకుని ఇంటికి వచ్చినప్పుడు ఉదయ్ బరువు ఎక్కువున్నాడు. తూకం దాటితే బరిలోకి రానివ్వరని కోచ్ చెప్పి పంపాడు. దినామూ పొద్దున్నే పరుగు తీసి వచ్చి, చెమటలు తుడుచుకుని, ఈ కాటానే ఎక్కేవాడు. కడ్డీ మీద గుండు జరిపి చూసేది తండ్రే. ఏళ్ల అలవాటు కొద్దీ ఆ గుండును ఇంకొకరి చేత ముట్టనిచ్చేవాడు కాదు. రైలెక్కే రోజు సరిగ్గా యాభై ఏడు వచ్చింది. ఆ సంతోషంలో కొడుకును కాటా మీద నుంచి చంటిపిల్లాడిలా ఎత్తి దించాడు.

ఫోను మోగింది.

డప్పులు ఒక్కసారిగా లేచాయి. హనుమంతరాయుడు చెయ్యెత్తి ఆపించి, రిసీవరు చెవికి అదుముకున్నాడు.

"గెలిచినావా నాయనా?"

అవతల ఏడుపు.

"ఆడనేలేదు నాయనా. తూకంలోనే తీసేసినారు. మూడు కిలోలు ఎక్కువుండానంట."

"మూడు కిలోలా? వాళ్ల కాటా చెడిపోయింటాది! ఇంకొగదాని మీద తూచమను!"

"మార్చి మార్చి చూసినారు. రైలు లేటుగా పోయింది, తగ్గించుకోను టైము గూడా లేకపాయె. దావలో నీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు నాయనా. అమ్మ కట్టిచ్చిన ఒబ్బట్లు గూడా రైలెక్కంగానే పక్కోళ్లకు ఇచ్చేసినా. ఎట్ల పెరిగినానో తెలీడంలే."

లైను తెగింది.

"మూడు కిలోలు ఎక్కువున్నాడని ఆడనీలేదంట" అన్నాడు హనుమంతరాయుడు. ఇంకేమీ చెప్పలేదు.

వీధి భగ్గుమంది.

"మోసం!" అని యల్లప్ప కాటా మీద చరిచాడు. "మన కాటా మీద దినామూ తూగిన పిల్లోడు! ఇది తప్పు చెప్తాదా? వాళ్లదే దొంగ తూకం! యాడికొచ్చైనా నేను సాక్షి చెప్తా!"

"కాదప్పా, కాదు!" తిప్పమ్మ గడపకేసి తల కొట్టుకుంది. "నాదే తప్పు. ఈయప్పకు తెలీకుండా రైలుకు ఒబ్బట్లు మూటకట్టిచ్చినా. అవి తినే పెరిగింటాడు. నా కొడుకు నోట్లో నేనే మన్నుగొట్టినా!"

వీధి చల్లబడింది. డప్పులవాళ్లు తోలు పట్టీలు భుజాన వేసుకున్నారు.

"ఊరుకో తల్లీ. తల్లి మనసు ఎవురికైనా అంతే" అన్నాడు యల్లప్ప.

తిప్పమ్మ మొగుడి వైపు చూసింది. తిడతాడని ఎదురుచూసింది. హనుమంతరాయుడు కాటా వైపు తిరిగాడు. ఆమెను తిట్టలేదు, ఓదార్చనూలేదు. జనం ఒక్కొక్కరే కదిలారు. యల్లప్ప తన మూటలు లోపల దించి, దండం పెట్టి పోయాడు.

హనుమంతరాయుడు కాటా దగ్గరికి నడిచాడు. కడ్డీ మీది గుండు వెనక్కి మెల్లగా చెయ్యి పోనిచ్చాడు.

ఎన్నో ఏళ్ల కిందట తానే అతికించి మరిచిపోయిన సీసం ముద్ద వేలికి తగిలింది.