నాలుగో పేజీ

"మీ అమ్మాయికి గుర్రపుస్వారీ వచ్చా?" అని ప్రిన్సిపాల్ అశోక్‌కుమార్ చిన్నప్పను అడిగాడు.

కూతురు రంజిత గుర్రం ఎక్కగా అతను ఏనాడూ చూడలేదు. కానీ అప్లికేషన్‌లో అలా రాసుకున్నట్టుంది. కాదంటే బిడ్డ అబద్ధాలకోరు అవుతుంది. సీటు పోతుంది.

"వస్తాది సార్," అన్నాడు.

"ఎక్కడ నేర్చుకుంది?"

"మా వీధిలోనే సార్. పెళ్ళిళ్ళకు బాడుగకిచ్చే గుర్రం ఒకటుండాది. తెల్లది. శానా మంచిది."

పక్కన కూర్చున్న లెక్చరర్ భాగీరథమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ముందు తల్లిదండ్రులను పిలిచి మాట్లాడటం, తర్వాత పిల్లలను పిలవడం ఆ కాలేజీ పద్ధతి. రంజిత వరండాలో బెంచీ మీద ఉంది. కిటికీలోంచి ఆమె జడలు రెండూ కనిపిస్తున్నాయి, ఒకటి చెవి పక్కన, ఒకటి మెడ కింద. లోపల చిన్నప్ప ఒక్కడే.

"ఈతలో కప్పు గెలిచానని కూడా రాసింది. ఏ క్లబ్బు?"

"క్లబ్బు కాదు సార్. బెళ్ళందూరు చెరువు."

"ఆ మురుగునీళ్ళ నురగలోనా? మనిషి బతికే ఉందా?"

"బయట బెంచీ మీద కూర్చోనుండాది సార్."

"ఎండాకాలం సెలవులకు స్విట్జర్లాండు పోయినారంట?"

ఇక్కడ చిన్నప్ప కాస్త తడబడ్డాడు. "నేను పోలేదు సార్. అంగడి మూయాల్సొస్తాదని."

అశోక్‌కుమార్ కాగితం బల్ల మీద పడేశాడు. ఆయనది హిందూపురం పక్క. కోపం వస్తే కాలేజీ భాష వదిలేసి ఊరి యాసలోకి దిగుతాడు. "ఏమప్పా, మా గేటు ఎదురుగా జెరాక్స్ అంగడి నీది. నీ బిడ్డ స్విట్జర్లాండు పోయిందా?"

చిన్నప్ప తల దించుకున్నాడు. అతనికి ఇంగ్లీషు రాదు. ఏం రాసినావమ్మా అని అడిగితే, "సీటొచ్చినాక చెప్తాలే నాయనా" అని నవ్వేసింది రంజిత.

"ఆ పేజీ ఇడిసిపెట్టండి సార్. ఎంట్రెన్స్ మార్కులు చూడండి. నూటికి తొంభై ఏడు."

"మార్కులదేముందప్పా. ఇన్నేళ్ళు మార్కులు చూసి సీట్లిస్తే మార్కులే వచ్చి బెంచీల మీద కూర్చున్నాయి, మనుషులు రాలేదు. అందుకే ఈ ఏడు 'నా గురించి' అని నాలుగో పేజీ పెట్టినాం. చదివేవాళ్ళకు పక్షపాతం ఉండకూడదని దాని మీద పేరు కూడా వద్దన్నాం. ఎంట్రెన్సు సగం, ఆ పేజీ సగం. నీ బిడ్డ ఆ సగాన్ని గుర్రమెక్కించి పంపించేసింది."

పైన ఫ్యాను గిర్రున తిరుగుతోంది. ప్రిన్సిపాల్ బల్ల మీద ప్రతి కట్టకూ ఒక గాజు పేపర్‌వెయిట్ ఉంది. చిన్నప్ప అంగడిలో అలాంటి భోగం లేదు. మొన్న ఆదివారం పోయిన కరెంటు ఉన్నట్టుండి వచ్చి ఫ్యాను తిరిగేసరికి, ఈ కాలేజీకి రంజిత తనదీ కలుపుకుని టైపు చేసిపెట్టిన అరవై అప్లికేషన్లూ అంగడంతా ఎగిరాయి. ఆ పిల్ల అన్నానికి పోయిన సమయం. ఏరి, దులిపి, వరస పెట్టి, పిన్నులు కొట్టింది చిన్నప్పే. కూతురికి చెబితే కంగారు పడుతుందని చెప్పలేదు కూడా.

భాగీరథమ్మ తన ముందున్న నీళ్ళ గ్లాసు అతని వైపు జరిపింది. "తాగండన్నా." ఆ పొద్దుటి నుంచి అతనికి దక్కిన మంచిమాట అదొక్కటే.

ప్రిన్సిపాల్ కూడా రాతిమనిషేం కాదు. కొంచెం మెత్తబడి, కట్టలోంచి ఇంకో అప్లికేషన్ తీశాడు.

"నిజం రాయడమంటే ఎట్లుంటాదో చూడు. పొద్దున మొదటి రెండు వాక్యాలకే నా కళ్ళద్దాలు తడిసిపోయి ఆపేసినా. భాగీరథమ్మగారూ, ఆ కౌశల్‌ని లోపలికి పిలవండి. ఈయన కూడా చూడనీ."

కౌశల్ వచ్చాడు. చేతికి పెద్ద గడియారం, నోట్లో చూయింగ్ గమ్. తిరుపతి నుంచి ఆ పొద్దునే దిగినట్టున్నాడు, నున్నటి గుండు మీద గంధం ఇంకా ఆరలేదు.

"ఈ అబ్బాయికి ఎంట్రెన్స్‌లో వచ్చింది ముప్పై ఒకటి. అయితే ఏమంట? ఈ పేజీ రాసినవాళ్ళకు సున్నా వచ్చినా సరే, మొదటి సీటు వాళ్ళదే. అమ్మా, ఆ మాట అట్లే మినిట్స్ పుస్తకంలో రాయండి."

భాగీరథమ్మ రాసింది. ఆయన కింద సంతకం చేసి, తేదీ కూడా వేశాడు. తర్వాత చిన్నప్పకు అర్థమయ్యేలా ఒక్కో వాక్యం తెలుగు చేస్తూ చదవసాగాడు.

"'అమ్మ పోయినాక మా నాయన వంట నేర్చుకున్నాడు. మొదటి నెలంతా సంగటి మాడింది. మాడితేనే అరుగుదలకు మంచిదని చెప్పి, మాడిన ముద్ద తాను తినే తట్టలో వేసుకునేవాడు.'"

పాపం, ఎవరో నా మాదిరి మనిషే, అనుకున్నాడు చిన్నప్ప. అలాంటి తండ్రి బిడ్డకు సీటొస్తే రానీలే అని కూడా అనిపించింది.

కౌశల్ నమలడం ఆపాడు. "సార్, అదీ..."

"వద్దు నాన్నా, ఏమీ చెప్పొద్దు. నాకు తెలుసు." ప్రిన్సిపాల్ లేచి, ఒక చేత్తో కళ్ళు తుడుచుకుని, ఇంకో చేత్తో పిల్లవాడి గుండు నిమురుతూ తర్వాతి వాక్యం చదివాడు:

"'ఇప్పటికీ రోజూ పొద్దున జెరాక్స్ అంగడి తెరిచే ముందు నాకు నూనె పెట్టి రెండు జడలూ వేసేది మా నాయనే, ఒకటి పైకి, ఒకటి కిందికి.'"