తూము

పొద్దున్నే నిత్యానందం మాస్టారి ఇంట్లో ఫోను మూగబోయింది.

సరిగ్గా ఆ రోజే, పన్నెండింటికి, ఆ ఫోనుకే హైదరాబాదు నుంచి ఆయన కొడుకు నెల్సన్‌కి ఇంటర్వ్యూ. సెల్లులో మాట తెగిపోతుందని కంపెనీవాళ్ళు ఇంటి నంబరే అడిగి తీసుకున్నారు.

ఫోను ఒక్కటే అయితే ఫరవాలేదు. మేడ మీద నెల్సన్ గదిలోని కంప్యూటరుకి, కింద హాల్లోని ప్రింటరు నాలుగు రోజులుగా కనపడటం లేదు.

అప్లికేషన్‌లో మాత్రం అతను గొప్పగా రాసుకున్నాడు. మా ఇంట్లో పైకీ కిందికీ రెండు రూటర్లు పెట్టి నెట్‌వర్క్ నేనే కలిపాను, ఏ గదిలోని మెషీనైనా ఇంకో గదిలోని మెషీన్ని చూడగలదు అని. అబద్ధమని కాదు, నిజం కాకముందే రాసేశాడు. ఆ సంగతే అడుగుతామని కంపెనీవాళ్ళు ముందే చెప్పారు.

నిత్యానందం గారు మాత్రం ఉద్యోగం వచ్చేసినట్టే ఏలూరు పవర్‌పేటంతా చెప్పుకొచ్చారు. కంప్యూటర్లలో తన కొడుక్కి తెలియనిది లేదని ఆయన నమ్మకం. నెల్సన్ నమ్మకం కూడా అదే.

పదింటికి లైన్‌మాన్ సైకిలు మీద వచ్చాడు. యాభై దాటిన మనిషి. స్తంభం దగ్గర తుప్పు పట్టిన అతుకు మార్చి, ఫోను పలికించి, తీగ ఎంతవరకూ వెళ్ళిందో చూడాలంటూ మేడ ఎక్కాడు.

నెల్సన్ నేల మీద కూర్చుని రూటరుతో కుస్తీ పడుతున్నాడు.

"నెట్టొస్తోంది గానీ ప్రింటరు కనపడటం లేదు, అంతేనాండి బాబూ?" అన్నాడు లైన్‌మాన్, తెర వైపు తొంగిచూసి.

ఫోను సంగతి చూస్తే చాలన్నాడు నెల్సన్, తలెత్తకుండానే.

"ఫోను పలుకుతోందండి," అంటూ ఆయన గొంతుక్కూర్చుని రూటరు వెనకవైపు వేలు పెట్టి చూపించాడు. "విడిగా ఉన్న ఈ కన్నం తూమండి. పక్కనున్న నాలుగూ ఒకే చెరువు. మీరు కింద నుంచి వచ్చిన తీగని తూముకి పెట్టారు. దాంతో మేడ మీది చెరువు వేరైపోయింది. నీళ్ళు పారతాయి, అందుకే నెట్టొస్తోంది. కానీ ఈ గట్టు మీంచి పిలిస్తే ఆ చెరువుకి వినపడదండి. తీగ తీసి ఈ నాలుగింట్లో ఒకదానికి పెట్టండి. మెషీన్లకి నంబర్లు పంచే పని కింది పెట్టెకే వదిలేసి, దీన్ని మానిపించండి. రెండూ ఒకటే చెరువైపోతాయి."

నెల్సన్ నవ్వాడు.

"ఈ మాటలు చేపల చెరువుల దగ్గర చెప్పుకోండి."

ఆయన ఏమీ అనుకోలేదు. కిందికి దిగి, వరండాలో నిలబడే టీ తాగి, కాగితం మీద మాస్టారి సంతకం తీసుకుని వెళ్ళిపోయాడు. పేరు ఎవరూ అడగలేదు.

పదకొండున్నరైంది. నెల్సన్‌కి ఇంకా ప్రింటరు దొరకలేదు.

గది తలుపు దగ్గరికి వేసి, తీగ తీసి పక్క కన్నానికి పెట్టాడు. పై రూటరు నంబర్లు పంచకుండా ఆపాడు. మళ్ళీ వెతికాడు.

తెర మీద ప్రింటరు పేరు వచ్చి కూర్చుంది.

కాగితం పంపితే కింద హాల్లో బరబరా అచ్చయింది. నిత్యానందం గారు దాన్ని నూటికి నూరొచ్చిన పరీక్ష పేపరులా పట్టుకుని మేడెక్కి వచ్చారు. ఎలా చేశావురా అని అడిగారు.

"ఆలోచించాను నాన్నగారూ," అన్నాడు నెల్సన్.

ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. ఇద్దరూ కిందికి దిగి ఫోను ముందు కూర్చున్నారు.

పన్నెండింటికి ఫోను మోగింది. ఇంటర్వ్యూ చేసేది నాగదుర్గ అనే మేనేజరు. ఇంట్లో పెట్టిన నెట్‌వర్క్‌లో ఏం ఇబ్బంది వచ్చింది, ఎలా సరిచేశారని అడిగింది. నెల్సన్ ఇంగ్లీషులో మొదలుపెట్టి రెండో వాక్యంలోనే చిక్కుబడ్డాడు. కంగారుపడకుండా తెలుగులోనే చెప్పమంది ఆవిడ.

అంతే, అతనికి ప్రాణం లేచొచ్చింది. విడి కన్నం తూము, మిగతా నాలుగూ ఒకే చెరువు అంటూ పొద్దున విన్నదంతా పొల్లుపోకుండా ఒప్పజెప్పాడు.

ఆవిడ ఆ మొదటి వాక్యం మళ్ళీ చెప్పించుకుంది.

"చాలా బాగా చెప్పారండీ. ఈ తూము అన్న మాట ఎక్కడ నేర్చుకున్నారు?"

ఎదురుగా తండ్రి ఛాతీ పొంగించుకుని కూర్చున్నారు.

"నేనే అనుకున్నానండీ. వినేవాళ్ళకి సులువుగా ఉంటుందని."

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు వినపడింది.

"మీది ఏలూరే కదండీ. ఈ మధ్య మీ ఫోను బాగుచెయ్యడానికి ఎవరైనా వచ్చారా?"

నెల్సన్ తండ్రి వైపు నుంచి చూపు తిప్పుకున్నాడు. పొద్దున్నే వచ్చారన్నాడు. ఎవరో లైన్‌మాన్ అన్నాడు. పేరు తెలియదన్నాడు. అంటుంటే మొదటిసారి సిగ్గేసింది.

అడగాల్సినవి ఇంకా ఉన్నాయి గానీ ఇక అక్కర్లేదని ఆవిడ మెల్లగా చెప్పింది. ఆ గొంతులో కోపం లేదు, ఎక్కడలేని గర్వం ఉంది.

"ఆయన పేరు పెద్దింటయ్యండీ, నాకు ఈ విద్య నేర్పిన మా నాన్నగారు."