గోడ దాటిన పురుగులు

డిసెంబరు 14, ఆదివారం. ఉతికిన దుప్పట్లు నాలుగు, తోమిన గిన్నెలు రెండు విడతలు, విన్న ఉపన్యాసం ఒకటి.

ఉపన్యాసం మావారిది. పర్మాకల్చర్ అనే సహజ సేద్యం శిక్షణకు వెళ్లొచ్చినప్పటి నుంచి ప్రకృతి మొత్తం ఆయన సలహా మీదే నడుస్తోంది. పెరట్లో మందు కొట్టకూడదు, ఏ ప్రాణినీ చంపకూడదు. అందుకే కిందటి నెల మా చిక్కుడు పాదు మీద పాకుతున్న నల్లటి గరుకు పురుగులను ఓపిగ్గా ఏరి, గోడ మీదుగా పక్కింటి పాదు మీదికి విసిరారు. జీవకారుణ్యం ఆయనది, పురుగులు వాళ్లవి.

తర్వాత మా పాదును పేనుబంక కమ్మేసింది. ఒక్క కాయ నిలవలేదు. విత్తనాలు పక్కింటావిడ ఇచ్చినవే. తొలికాపు ఆవిడకే ఇస్తానన్న నా మాట మట్టిలో కలిసింది.

ఈరోజు ఆవిడే బుట్టెడు చిక్కుళ్లతో వచ్చింది.

"మా పాదుకీ పేనుబంక పట్టింది వదినా! ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాయో గానీ, నల్ల పురుగులొచ్చి ఆ బంకనంతా తినేశాయి. ఆనక అవే చుక్కల ఎర్ర పురుగులై ఎగిరిపోయాయి. అన్నయ్యగారూ, మీరు శిక్షణకెళ్లారుగా, వాటినేమంటారు?"

మావారు కాఫీ గ్లాసులోకి చూస్తూ, "మిత్ర పురుగులు," అన్నారు.

విత్తనాల బాకీ చెల్లు. తీర్చినది మావారు, గోడ మీదుగా.