క్వారీ మలుపు

"ఆ ఎర్రది వద్దమ్మా."

వెనక నుంచి వచ్చిన మాటకి ఆమె ఉలిక్కిపడింది.

సైకిళ్ల కొట్లో ఓ మూల స్టూలు మీద ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. ఎండిన మొహం, మాసిన చొక్కా. ఆమె వైపు చూడడం లేదు. ఆమె చెయ్యి వేసిన సైకిల్ ముందు చక్రాన్నే చూస్తున్నాడు.

"ఏం, దీనికేమైంది? ముందూ వెనకా స్ప్రింగులున్నాయి. ధర కూడా అందుబాటులోనే ఉంది."

"అందుకే వద్దంటున్నా. ఆ ధరకొచ్చే వెనక స్ప్రింగు ఒట్టి షోకు. ఎత్తు ఎక్కేటప్పుడు కాళ్ల సత్తువంతా అదే తినేస్తుంది. ఏ దారిన వెళ్తావు?"

చెప్పాలా వద్దా అనుకుంటూనే చెప్పేసింది. ఆమె డయాలసిస్ సెంటర్లో టెక్నీషియన్. వెళ్ళే బస్సు కాస్తా ఆపేశారు. పొద్దున్నే ఆరున్నరకల్లా మిషన్లు సిద్ధం చెయ్యాలి. దారి సగం తారు రోడ్డు, సగం కొండ మీది మట్టి బాట.

"క్వారీ మలుపు మీదుగానా?"

"అవును."

ఆ మనిషి లేచి, గోడవారగా ఉన్న బూడిద రంగు సైకిల్ తోసుకొచ్చాడు.

"ఇది తీసుకో. ముందొక్కటే స్ప్రింగు, నీకది చాలు. టైర్లు మరీ లావు కావు, రోడ్డు మీద బరువనిపించవు. డిస్కు బ్రేకులు, వానలోనూ పట్టుకుంటాయి."

అంటూనే బ్రేకు నొక్కాడు. ముందుకు తోసి మళ్ళీ నొక్కాడు. పదిసార్లు. ఇరవైసార్లు. వేళ్లు తెల్లబడినా ఆపలేదు. ఆమె ఒకడుగు వెనక్కి వేసింది.

"ఈయన ఇక్కడ పనిచేస్తారా?" అని కొట్టు యజమానిని అడిగింది.

చక్రం పుల్లలు బిగిస్తున్న యజమాని తలెత్తలేదు. "లేదమ్మా. వచ్చి కూర్చుంటాడు."

ఆమె బూడిద రంగుదే కొంది. ఇంటికెళ్ళి అక్కతో మాత్రం, అంతా తానే పరీక్షించి ఎంచుకున్నట్టు గొప్పలు పోయింది.

సోమవారం తెల్లవారుజామున కొండ మీద మంచు దట్టంగా ఉంది. మలుపు దగ్గరికి వచ్చేసరికి బాటకి అడ్డంగా ఒక చెయ్యి పైకి లేచింది.

అతనే.

చెప్పులు విడిచి, వట్టి కాళ్లతో నిలబడి ఉన్నాడు.

"ఆగు. లారీ వస్తోంది."

ఆమె చెవులు రిక్కించింది. కింద వాగు హోరు తప్ప ఏమీ లేదు.

"ఏ లారీ? చప్పుడే లేదుగా!"

"చప్పుడుండదు."

అతను వంగి నేలకి అరచెయ్యి ఆనించాడు. కాసేపటికి తల ఊపాడు. "ఇక వెళ్ళు."

మలుపు తిరిగి, క్వారీ నుంచి దిగే దారి బాటని అడ్డంగా దాటేచోట చూస్తే లారీ లేదు. ఆ మంచులో, గాలైనా లేనిచోట, మనిషెత్తు దుమ్ము మాత్రం తేలుతోంది.

ఆమె వెనక్కి చూడకుండా తొక్కింది.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. ఒకరోజు పావుగంట ఆపేశాడు.

"ఇవాళ మూడున్నాయి," అన్నాడు నేల మీంచి చెయ్యి తీయకుండా.

ఆమె వినకుండా ముందుకు పోబోయింది. అతను హ్యాండిల్ పట్టుకున్నాడు. ఆ చెయ్యి మంచుగడ్డలా ఉంది. అతని కళ్ళల్లోకి చూశాక ఆమె సైకిల్ దిగి నిలబడింది.

సెంటర్లో అప్పటికే ముగ్గురు పేషెంట్లు ఎదురుచూస్తున్నారు. "ఇంకోసారి ఆలస్యమైతే వేరే ఉద్యోగం వెతుక్కో," అంది ఇన్‌ఛార్జి.

సాయంత్రం అక్క అంతా విని బుగ్గలు నొక్కుకుంది. "చప్పుడు చెయ్యని లారీయా! వాడికి పిచ్చయినా ఉండాలి, కాదంటే బుద్ధయినా మంచిది కాదు. ఉద్యోగం పోయాక ఏడుస్తావా? పద, పోలీసులకి చెబుదాం."

చెప్పారు. ఆ రాత్రే అతన్ని తీసుకెళ్ళారు.

పొద్దున్న మలుపు ఖాళీగా ఉంది. హమ్మయ్య అనుకోవాల్సింది. ఎందుకో అతను నిలబడే చోటుకేసి చూసింది. అయినా టైమైపోతోందని జోరుగా దిగింది.

మలుపు తిరగ్గానే ఎదురుగా మంచు నల్లబడింది.

అది లారీ.

ఇంజను మోత లేదు, లైటు లేదు, హారన్ లేదు. నిండా బండరాళ్లతో, కొండే జరిగి వస్తున్నట్టు, బాటని కోసుకుంటూ పోతోంది.

రెండు బ్రేకులూ ఒక్కసారే బిగించింది. సైకిల్ గింజుకుని ఆగింది. ముందు టైరుకి జానెడు దూరంలో లారీ చక్రాలు ఒకటి తర్వాత ఒకటి దాటిపోయాయి.

లారీ పోయాక ఆమె సెంటర్‌కి వెళ్ళలేదు. ఫోన్ చేసి మిషన్లు వేరేవాళ్లకి అప్పజెప్పమంది. ఉద్యోగం ఉంటే ఉంటుంది, పోతే పోతుంది అనుకుని నేరుగా సైకిళ్ల కొట్టుకి వచ్చింది.

స్టూలు ఖాళీగా ఉంది.

"ఆయనేరి? స్టేషన్‌కెళ్ళి నా ఫిర్యాదు వెనక్కి తీసుకుంటా."

"మళ్ళీ ఇటు కనిపించొద్దని రాత్రే బస్సెక్కించేశారటమ్మా. ఎటు పోయాడో నాకూ తెలీదు."

ఆమె గుమ్మంలోనే కూర్చుండిపోయింది. "ఆ లారీ... నిజంగానే చప్పుడు లేదండీ."

"ఉండదు. డీజిల్ మిగులుతుందని ఆ దిగుడులో ఇంజను ఆపేసి వదిలేస్తారు. మిగిలింది డ్రైవర్ జేబులోకి. ఎవరికి మొరపెట్టుకున్నా మానలేదు." యజమాని రెంచి కింద పెట్టాడు. "ఆరేళ్ల కిందట మా అమ్మాయి కాలేజీకి వెళ్తూ ఆ మలుపులోనే పోయింది."

ఆమె ఖాళీ స్టూలు వైపు చూసి అడిగింది.

"ఆయన మీ అమ్మాయికి ఏమవుతారు? మేనమామా?"

"కాదు. జైలు నుంచి నేరుగా ఇక్కడికే వచ్చాడు. ఎన్నిసార్లు మెడపట్టి గెంటినా మళ్ళీ వచ్చి గుమ్మంలో నిలబడేవాడు. చివరికి నేనే స్టూలు వేశాను."

యజమాని గొంతు తగ్గించి అన్నాడు.

"ఆ రోజు ఇంజను ఆపేసి దిగిన లారీ నడిపింది అతనే."